బాకా మాస్టారి ముందు పళ్ళు

బ్యాండు మేళంలో బాకా ఊదే ఆ మనిషిని వీధంతా బాకా మాస్టారనేది. యాభైకి దగ్గరపడ్డ వయసు. ఊరేగింపు మలుపు తిరక్కముందే ఆయన బాకా వినబడితే జనం గుమ్మాల్లోకి వచ్చేసేవారు. పక్కన ఊదే తమ్ముడి బాకా ఎవరికీ వినబడేది కాదు. ఇంట్లో మాత్రం మాస్టారు నోరులేని మనిషి. "ఆయన ఊపిరంతా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకే. ఇంట్లో ఊ కొట్టడానిక్కూడా మిగలదు," అనేది భార్య.

అలాంటి మనిషికి చిగుళ్ళు వాచాయి. ముందు పళ్ళు కదలసాగాయి. బాకా పెదాలకు నొక్కినప్పుడల్లా నోట్లో రక్తం ఉప్పగా తగిలేది. రుమాలుతో తుడుచుకుని మళ్ళీ ఊదేవాడు. షుగరు సంగతి సరేసరి, ఎన్ని మాత్రలు మింగినా దిగిరాదు.

షుగరు డాక్టరు విసుక్కున్నాడు. "మీ ఒంట్లో ఇన్సులిన్ ఊరడమే తగ్గింది. ఊరిన కాస్తనీ ఆ చిగుళ్ళ వాపు పనిచెయ్యనివ్వట్లేదు. ముందు ఆ పళ్ళు తీయించండి."

పళ్ళ డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. "తీసెయ్యాల్సిందే. కానీ ఇంత షుగరుతో నేను ముట్టుకోను, పుండు మానదు. ముందు షుగరు దించుకు రండి."

ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరి మాటా నిజమే. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదన్నట్టయింది. ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరగడంతోనే ఏడాది గడిచింది. భార్య అడిగితే, "నేనేం చెయ్యను, వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి," అనేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ చిక్కు ఎక్కడ విడిపోతుందోనన్నదే ఆయన భయం. కట్టుడు పళ్ళతో బాకా పలుకుతుందా అని అడిగితే డాక్టరమ్మ, "మాట ఇవ్వలేను," అంది. ఊదలేకపోతే ఇక మిగిలేది నాలుగు గోడలూ, ఆ గోడల్ని చూస్తూ కూర్చోవడమూ. ఆ ఊహకే ఆయనకు ఊపిరాడేది కాదు.

ఒకరోజు మెట్లెక్కుతుంటే ఒక కాలి చెప్పు జారిపోయింది. షుగరుకు అరికాళ్ళు మొద్దుబారి ఆయనకు తెలియనే లేదు. లోపలికొచ్చి కూర్చున్నాక భార్య చూసింది. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది, రక్తం కారుతోంది. ఆమె పెంకు తీసి కట్టుకట్టింది. మర్నాడు తనే వెంటబెట్టుకుని షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"కొన్నాళ్ళు ఇన్సులిన్ సూదులు వేస్తే దిగుతుందని ఎప్పుడో చెప్పానమ్మా. ఆయనే వద్దన్నారు," అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక ఆమె ఆగిపోయింది. "అయితే దారి ఉందన్నమాట. మీరే నా దగ్గర దాచారు."

"ఈ పళ్ళు పోతే నేనెందుకూ పనికిరాను," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"కాలు పోతే ఊరేగింపులో ఎలా నడుస్తారు?"

ఆ సాయంత్రం నుంచి సూది ఆమె చేతిలోకి వచ్చింది. షుగరు మెల్లమెల్లగా దిగింది. భార్య మొహం తేటపడుతుంటే, ఆయనకు మాత్రం ఆ అంకె దిగేకొద్దీ దిగులు పెరిగేది.

పళ్ళ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇవాళే తీసేద్దాం," అంది.

"ఆదివారం పెళ్ళి ఒకటి ఒప్పుకున్నానండీ. అదయ్యాక వస్తాను," అన్నాడు ఆశగా.

భార్య ఆయన వైపు చూడలేదు. "మీ బదులు మీ తమ్ముడు ఊదుతాడు. మేళం వాళ్ళతో నేనే మాట్లాడాను," అంది.

"పైస్వరం దగ్గర వాడికి ఊపిరి చాలదు," అన్నాడాయన. "అక్కడికి రాకముందే ఓసారి గుండెనిండా పీల్చుకోమని చెప్పు."

కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.