ముడి వేసిన పోగు

మొన్న మా నేతగాళ్ల జోడ్‌భావి పేటలో ఇంటింటికీ తిరుగుతూ జన్యు పరిశోధన సంస్థ అమ్మాయి మా ఇంటికొచ్చింది. నెత్తురు తీయడానికి నా మనవరాలి చేతికి స్పిరిట్ దూది రుద్దుతూ, "మీ వంశంలో పుట్టుచెవుడు ఎవరికైనా ఉందా అవ్వా?" అని అడిగింది. ఆ ఘాటు వాసనలో ఈ మాట వినగానే లేచి, పెట్టెలోంచి అమ్మ ముడులు వేసి దాచిన పోగుల కట్ట తీశాను.

పంతొమ్మిదివందల నలభైలలో, నా చిన్నతనంలో, తెల్లవారేసరికి మా గల్లీ పొడవునా మగ్గానికెక్కించే నిలువు పోగులు, పడుగులు, సాగదీసి గంజి పట్టేవారు. పులిసిన గంజి వాసన, జొన్నరొట్టెలు కాలే పొగ, అద్దకం తొట్ల రంగునీళ్లు, వాటన్నిటి మీదా మగ్గాల చప్పుడు. అది వినబడనిది మా అన్నకొక్కడికే. పుట్టుచెవిటివాడు. మగ్గం గుంజకు అరచేయి ఆనించి లయ పట్టుకొని, పేటలో మరెవరూ నేయలేని అంచులు నేసేవాడు.

ఒక దసరాకు, అక్కను మా మేనమామకే ఇవ్వాలని నాయనమ్మ పట్టుబట్టింది. ఆమెది ఉడుంపట్టు. ఆమె అమ్మకు అత్తే కాదు, సొంత మేనత్త కూడా. ఆ పట్టు అమ్మకూ వచ్చింది. గుడ్డలో తప్పు కనబడితే నేతగాడు పోగు పట్టుకొని వెనక్కి వెతుక్కుంటూ పోతాడు. అమ్మ అదే చేసింది. ముసలివాళ్లనందరినీ అడిగి, మగవాళ్లకు తెల్లపోగు, ఆడవాళ్లకు ఎర్రపోగు, పెళ్లికి మెలి, చెవుడుకు ముడి వేసి, వంశమంతా నాయనమ్మ ముందు పరిచింది.

"చూడు అత్తా. మన పోగు మన పోగుతోనే కలిసిన కాడనే ముడులున్నయి."

"దేవుడు రాసింది నువ్వు మారుస్తవా ఏందే?"

"నా బిడ్డనైతే ఇయ్య. బస్."

పక్కనే కూర్చున్న అన్న అన్నీ తడిమి, చివరి ముడి చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. అమ్మ అవునన్నట్టు తలాడించింది. వాడు ఆ ముడిని గోటితో విప్పడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ రాలేదు. అమ్మ ఏడ్చేసింది. నాయనమ్మ వాడి చేయి పట్టుకొని, "బయటి సంబంధమే చూడుర్రి" అంది.

ఇప్పుడు గల్లీలో పడుగులు లేవు, అన్నా లేడు. ఆ అమ్మాయి పోగులు చూస్తూ కాగితం మీద మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నలు గీసుకుంది.

"ఈ ముడి వదులుగా ఉంది, ఎవరిది?"

"మా అన్నది. చెవుడని రాసుకో బిడ్డా. అంచులు మంచిగ నేసేటోడని గూడ రాయి."

"ఈ కాగితంలో దానికి గడి లేదవ్వా."

"లేకుంటే గీయి," అన్నాను.