మా అత్త కలిపేసిన రెండు ఉపరితలాలు

రాజధాని హైదరాబాదుకు లేచిపోయిన కొత్తలో కర్నూలులో మిగిలినవి ఖాళీ ఇళ్లు, ఎండ, నాలాంటి టెంపరరీ లెక్కల ట్యూటర్లు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ప్రపంచ గణితం నా కోసమే కాచుకుని ఉందని గట్టి నమ్మకం (ఆ సంగతి దానికి తెలియదు). బొంబాయిలో చదివే స్నేహితుడొకడు ఒక వింత జాతి ఉపరితలాల గురించి ఉత్తరాలు రాసేవాడు. సంకీర్ణ సంఖ్యల్లోంచి పుట్టే వాటిని కంటితో చూడటం బ్రహ్మ తరం కూడా కాదు. అందుకని ఒక్కోదానికీ ఒక చుక్కల జాలకం కట్టి, ఆ జాలకాన్ని బట్టి ఏది ఏ రకమో తేల్చాలట. నేను నెల రోజులు కూర్చుని రెండు జాలకాలు కట్టాను. ఒకదాని భుజాల కొలతల పట్టికలో 2, 1, 1, 2 వచ్చాయి. రెండోదానిలో 2, 3, 3, 6. అంకెలు వేరు కనుక ఉపరితలాలూ వేరేనని తీర్మానించేసి, కాలేజీ గణిత సంఘంలో ప్రసంగం పెట్టించుకున్నాను. మా హెడ్డుగారు (పిల్లలు సున్నా సార్ అనేవారు, ఆయన ధారాళంగా వేసే మార్కు అదొక్కటే) ప్రసంగం బాగుంటే నా ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాస్తానన్నారు.

ప్రసంగం రోజు పొద్దున రెండు జాలకాలనూ పల్చని కాగితాల మీద గీసి ఆరబెట్టాను. నేనుండేది మా మేనత్త ఇంట్లో. బడి మొహం చూడని మనిషి. కాఫీ ఇవ్వడానికి వచ్చి, ఆ కాగితాల్ని కాసేపు చూసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కొంచెం తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

"రేయ్, రెండూ ఒకటే గదరా. చుక్కల మీద చుక్కలు కూసున్యాయి చూడు. నువ్వు గీతలు వాల్చి గీసినావు, అంతే."

ఇవి ముగ్గులు కావు, గణితమని విసుక్కున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లగానే లెక్క చేసి చూశాను. మొదటి జాలకంలోని రెండు భుజాల్నీ కూడి, దాన్ని రెండో భుజంగా తీసుకుంటే చాలు, 2, 1, 1, 2 కాస్తా 2, 3, 3, 6 అయి కూర్చుంది. నా నెల రోజుల పరిశోధన కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

సున్నా సార్ ఎలాగూ నిద్రపోతారు, నోరు మూసుకుని చదివేయమని కాలేజీ దాకా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నేను లేచేసరికి ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. "ఈ రెండూ వేరు" అన్నంతవరకు చదివి, ప్రసంగం ప్రతి మూసేశాను. నిజాయితీ అనుకునేరు, బొంబాయి వాడికి తెలిస్తే పరువు పోతుందని భయం. చివరికి కాగితాలు రెండూ కిటికీ అద్దానికి ఆనించి, ఒకటేనని ఒప్పేసుకున్నాను.

సున్నా సార్ కళ్లు తెరిచారు. ఇది కనిపెట్టిందెవరని అడిగారు. మా మేనత్త అన్నాను. ఏం చదివిందన్నారు. ఏమీ చదవలేదన్నాను.

"మరి నువ్వు యమ్మే చదివినావు గదప్పా" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

హాలంతా నవ్వింది. ఖాయం చేయమనే ఉత్తరం వెళ్లలేదు. ఇంకో ఏడాది ట్యూటరుగానే ఉండనిచ్చారు. సాయంత్రం సంగతి విని మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను గమ్మునుంటే పోయేది గదరా. రెండుంటే ఉండనీలే, ఎవురికి అడ్డం?"

తర్వాత కడపకు బదిలీ అయింది. అక్కడి పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా, కాగితాలు వెలుతురుకు పట్టి చూసింది నేనేనని ఏళ్ల తరబడి కోతలు కోశాను. ఇప్పుడు మా అత్త లేదు. ఆ కడప మాస్టారి బడాయి తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, వాడి మీద కోపం మాత్రం రాదు. పాపం, చెప్పుకోవడానికి వాడి దగ్గర అంతకన్నా మంచి సంగతి లేదు.