నలభై గజాల గోలు

మా నరసరావుపేట ఫుట్‌బాల్ జట్టులో గోల్సు కొట్టే సాయిబుకు ఒక అలవాటుండేది. బంతిని తన్నబోయే ముందు కుడిపాదాన్ని ఎడమపిక్కకు ఒకసారి రుద్దుకునేవాడు. అది చూడగానే మేం అరవడం మొదలుపెట్టేవాళ్లం.

పిడుగురాళ్ల రాతిగనిలో బండ పడి ఆ పాదం నలిగాక అతను మళ్లీ ఆడలేదు. కాఫీ హోటల్లో మాత్రం, మాచర్ల జట్టు మీద అతను కొట్టిన గోలు దూరం ఏటా పెరిగేది. అది ఇరవై గజాలేనని నాకు తెలుసు. జనం ముప్పై, నలభై అంటుంటే నేనూ తలూపేవాణ్ణి.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడు, ఒక మ్యాచి చూడటానికి వచ్చి మైదానం గీత పక్కన కూర్చున్నాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి అతని ముందే ఆగింది. అందరం లేచాం.

"ఒక్కటి కొట్టు సాయిబన్నా! చానా ఏళ్లయింది చూసి. కాఫీ నాది!" అన్నాడు నూనెకొట్టు వ్యాపారి.

అతను మెల్లగా లేచి, కుడిపాదాన్ని పిక్కకు రుద్దుకున్నాడు. ఎవరూ అరవలేదు. పాదం కిందపెట్టి, వంగి, బంతిని చేత్తో తీసి ఆటగాడికి అందించాడు.

"ఏంది అట్టా చూస్తారు? ఆడనీయండి వాళ్లని," అంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కాఫీ హోటల్లో ఆ గోలు నలభై గజాల దగ్గరే ఆగిపోయింది.