చెవులతో పనిలేని చోటు

టూరిస్టులను సముద్రంలోకి దింపి సొరచేపలనూ, చాపలంత రెక్కల మాంటా రే చేపలనూ చూపించడమే సొర బావ బతుకుతెరువు. నీటి ఒత్తిడికి కుడి చెవి వినికిడి ఎప్పుడో పోయింది. "ఇంకోసారి మునిగావో, ఎడమదీ పోతుంది!" అని డాక్టరు తిట్టాడు.

"నీళ్లలో అన్నీ సైగలే కదే! ఒడ్డున కూర్చుంటే ముద్ద ఎవడు పెడతాడు?" అని భార్య నోరు మూయించి, ఇవాళ మళ్లీ దిగాడు.

పైకొచ్చేసరికి పడవ ఇంజను తిరుగుతోంది గానీ చప్పుడు లేదు.

ఇంటికొచ్చి, గుమ్మం వైపు వీపు తిప్పి తడిబట్టలు ఆరేస్తున్నాడు. ఎంతసేపు పిలిచిందో ఏమో, భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. బొటనవేలికి చూపుడువేలు ఆనించి సున్నా చుట్టింది. "బాగున్నావా?" అని నీళ్లలో అడిగే సైగ, పెళ్లైన కొత్తలో అతనే నేర్పాడు. బాగుంటే జవాబూ అదే.

అతను చెయ్యెత్తాడు. ఎంత ప్రయత్నించినా రెండు వేళ్లూ కలవలేదు.