గొల్లభామల ఒక్కపొద్దు

ఆ రోజుల్లో నాకు జాలి ఎక్కువ, జ్ఞానం తక్కువ. ఇప్పుడు రెండూ సమానంగా తగ్గాయి కాబట్టి ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. రెజిమెంటల్ బజార్‌లో కింద నాన్న స్టీలు సామాన్ల దుకాణం, పైన మేము, ఆపైన డాబా మీద నానమ్మ పూలకుండీలు. పదకొండేళ్ల నాకు ఏదో ఒక ప్రాణిని పెంచుకోవాలని మహా ఆశగా ఉండేది. కుక్క అంటే నానమ్మ "మనుషులకే జాగ లేదు" అనేది. చిలుక అంటే "పంజరంల పెట్టిన పాపం మనకెందుకే" అనేది. వానలు మొదలైన కొత్తలో ఒక ఉదయం, కరివేపాకు కొమ్మకు ఎండిన నురగలా అంటుకున్న ఉండలోంచి చీమలంతేసి గొల్లభామ పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. అన్నీ ముందుకాళ్లు మడిచి నిలబడ్డాయి. నానమ్మ వంగి చూసి, "అయ్యో, పుట్టంగనే దండం పెడుతున్నయే!" అని కరిగిపోయింది. ఆమె మనసు మారేలోగా నేను ఖాళీ బిస్కెట్ల సీసా ఒకటి తెచ్చి, యాభై రెండింటిని లెక్కపెట్టి అందులోకి దింపి, మూతికి అమ్మ పాత చీర ముక్క కట్టేశాను.

వాటి తిండి గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. నానమ్మ పాలన్నం మెతుకు వేసింది. అవి దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయాయి. ఇంతలో సీసాలో దూరిన ఒక సన్న ఈగను ఓ పిల్ల లటుక్కున పట్టుకుని, మొక్కజొన్న కంకిలా రెండు చేతుల్లో ఇరికించుకుని, తల దగ్గర్నుంచి మొదలుపెట్టి నిదానంగా తినేసింది. తిన్నాక చేతులు నాకి, ముఖం తుడుచుకుంది. "తిన్నంక చేతులు కడుక్కుంటది, నీకంటే నయం" అంది నానమ్మ. అంతే, నేను మా సందు చివర పండ్ల బండి చాచా దగ్గరికి పరుగెత్తి, కుళ్లిన అరటిపండ్లు ఇమ్మన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. ఈగలను పెంచడానికి అన్నాను. చాచా తన బండి వంక, దాని మీద ముసిరిన ఈగల వంక చూసి, "పెంచుడెందుకు, ఇవన్నీ తీసుకపో" అన్నాడు. (ఆయన సరదాకి అనలేదు. నిజంగానే తీసుకుపొమ్మన్నాడు.) రెండ్రోజుల్లో నా దగ్గర అరటిపండ్ల సీసా నిండా ఈగలు తయారయ్యాయి.

శుక్రవారం సాయంత్రం నానమ్మ ఆ ఈగల సీసాను తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది. "రేపు శనివారం. మన ఇంట్ల నీసు ముట్టం" అంది. అవి పురుగులు నానమ్మా అన్నాను. "అయితేంది? ఈగ నీసు కాదా? మన ఇంట్ల ఉంటే మన తీరే ఉండాలె. గవి సుత రేపు ఒక్కపొద్దు." నాన్నకు మొరపెట్టుకుంటే, ఆయన తానే ముప్పై ఏళ్లుగా శనివారాలు నోరు కట్టుకున్నవాడు, "ఉండనీ బిడ్డా" అన్నాడు. చాచా మాత్రం బాధపడ్డాడు: "మా రంజాన్ రోజాలకైతే పొద్దుగూకంగనే తినొచ్చు. మీ నానమ్మ కానూన్ జెర సఖ్త్ ఉంది."

ఆదివారం పొద్దున లెక్కపెడితే ముప్పై ఎనిమిది. "మిగిలినయి ఏవే?" అంది నానమ్మ. పారిపోయాయేమో అన్నాను. నేనూ అలాగే నమ్మాను. మరుసటి శనివారం మధ్యాహ్నం నా కళ్లారా చూశాను: ఒక గొల్లభామ తన తోబుట్టువును రెండు చేతుల్లో పట్టుకుని, తల దగ్గర్నుంచి మొదలుపెట్టి, చాలా ప్రశాంతంగా తింటోంది. తిన్నాక ముఖం తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. (కడుపు నిండా పెట్టినా అవి ఒకదాన్నొకటి తింటాయని చాలా కాలానికి తెలిసింది. అప్పుడు మాత్రం పాపమంతా శనివారానిదే అనుకున్నాను.) నానమ్మకు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. శనివారం నాడు, మా ఇంట్లో, అదీ సొంత రక్తం! సీసా అప్పటికప్పుడు గడప దాటుతుంది. అందుకని వారం వారం "ఇంకొన్ని పారిపోయినయి నానమ్మా" అంటూ వచ్చాను. "ఎటుకెల్లి పోతున్నయే, బొక్క గిట్ల ఉన్నదా?" అని ఆమె చీర ముక్కను వెలుతురుకు పట్టి చూసేది.

చివరికి ఒక్కటి మిగిలింది. అది మిగతా అందరికంటే లావుగా ఉండటానికి కారణం నేను పైకి అనలేదు. దాన్నయినా బతికించుకోవాలన్నదే అప్పుడు నా జీవితాశయం. ఒక శుక్రవారం నుంచి అది మూతి గుడ్డకు తలకిందులుగా వేలాడుతూ ఏమీ తినలేదు. శనివారం పొద్దునకు కదలడం కూడా మానేసింది. చచ్చిపోతోందనుకున్నాను. నానమ్మ స్నానానికి వెళ్లగానే మంచం కింద దూరి, ఒక ఈగను దొంగిలించి సీసాలో వేశాను. ఈగ దాని ముక్కు ముందే తిరిగింది. అది చూడనైనా చూడలేదు. ఈగను తీసేసి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏడుస్తవెందుకే, అది ఒక్కపొద్దున్నది" అంది నానమ్మ తల తుడుచుకుంటూ. ఆదివారం తెల్లవారి చూస్తే గుడ్డకు ఖాళీ పొట్టు వేలాడుతోంది, పక్కన లేతాకుపచ్చగా, ఇంకాస్త పెద్దదై గొల్లభామ. నానమ్మ సందంతా పిలిచి చూపించింది. "ఉపాసముండి కొత్త బట్టలు కట్టుకున్నది" అని చెప్పింది. చాచా టోపీ సర్దుకుని మరీ చూశాడు. నెల తర్వాత దానికి రెక్కలొచ్చాయి, డాబా మీద వదిలేశాం.

నేను ఉద్యోగంలో చేరి రోజూ బేగంపేటకు వెళ్లి వస్తున్న రోజుల్లో, ఒక రాత్రి అన్నం తింటుంటే, నానమ్మకు ఇక చెప్పినా ఫర్వాలేదనిపించింది. "అవి పారిపోలేదు నానమ్మా. ఒకదాన్నొకటి తిన్నయి."

"పద్నాలుగు మందున్న ఇంటికి కోడలిగ వచ్చిన. నాకు చెప్తున్నవా?" అంది, పప్పు వడ్డిస్తూ.

గొంతు తగ్గించి రెండోది కూడా చెప్పాను. "ఆఖరుదానికి శనివారం నాడు ఈగను వేసిన."

"అది సుత ఎరుకే. తలుపు సందుకెల్లి చూసిన."

"మరి ఊకున్నవేంది?"

"యాభైల ఒక్కటి మిగిలింది. దాని పానం పోతుంటే నా శనివారమెంతనే?"

 "మరి అది ఒక్కపొద్దున్నదని బజారంతా చెప్పినవు గదా" అన్నాను.

నానమ్మ గరిటె పట్టుకుని నా వైపు జాలిగా చూసింది. "నువ్వు పెట్టినవు. అది ముట్టలే. మరి ఒక్కపొద్దు కాకపోతే ఏందే?"

పొట్టు విడిచే ముందు గొల్లభామలు ఏమీ తినవని అప్పటికి నేను చదివి ఉన్నాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. పప్పు బాగుందన్నాను.