వాగు నోటి దగ్గర సమ్మయ్య తాత

పోయిన ఆదివారం ఖమ్మం చేపల మార్కెట్లో ఒకామె బుట్టలోని పరకలను తట్టలోకి వంచుతుంటే నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. పరకలంటే వేలెడు కూడా ఉండని తెల్ల చేపలు. వాటికి పెద్ద చేపల నీచు వాసన ఉండదు. తడిసిన గడ్డికి కొంచెం బురద కలిసినట్టు ఉంటుంది. ఆ వాసనకు నా పిక్కల చుట్టూ చల్లటి నీళ్లు కదిలినట్టనిపించింది. సమ్మయ్య తాత చనిపోయి అప్పటికి నలభై రోజులు. ఆయన గురించి రాద్దామని అంతకుముందు రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ మంచి మాటలే వస్తుంటే లేచిపోయాను. మంచి మాటలు ఎవరికైనా సరిపోతాయి.

మాది తల్లాడ వైపు పొలాల ఊరు. రెండువేల దశకం మధ్యలో నాకు టీచరుగా పర్ణశాలకు ఎగువన, అడవికీ గోదావరికీ మధ్య ఉన్న చిన్న ఊళ్లో పోస్టింగు వచ్చింది. బడి పక్కనే సమ్మయ్య తాత, లచ్చవ్వ ఉండేవాళ్లు. వాళ్ల ముందు గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఊళ్లో చేపలు పట్టి బతికే కుటుంబాలు పన్నెండు. తాత అప్పటికే అరవై దాటినవాడు. పడవ నడపడం మానేశాడు కానీ, వల ఎప్పుడు కట్టాలో చెప్పేది మాత్రం ఆయనే.

ఆ పని సంగతి తెలియాలంటే అక్కడి నీళ్ల సంగతి చెప్పాలి. అడవిలోంచి ఒక వాగు వచ్చి ఊరి దగ్గర గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో చేపలు వాగుకు ఎదురెక్కి మడుల్లోకి, కుంటల్లోకి పోయి గుడ్లు పెడతాయి. భాద్రపదం చివర్లో వానలు తగ్గి నీళ్లు తీస్తుంటే, ఆ పిల్లలు గుంపులుగా వాగు వెంట గోదావరికి దిగుతాయి. వాటిని తినడానికి వాలుగలు, జెల్లలు లాంటి పెద్ద చేపలు వాగు నోటి దగ్గర కాచుకుంటాయి. ఇదంతా పది రోజులు, మహా అయితే పన్నెండు. వాగు నోటికి అడ్డంగా వెదురు బొంగులు పాతి, అన్ని ఇళ్ల వలలూ కలిపి కడతారు. తొందరపడితే వరద నీళ్లు మళ్లీ వచ్చి వలలు పోతాయి. ఆలస్యమైతే చేపలు పోతాయి. ఆ రోజు ఏదో తాత చెప్పాలి.

నేను వెళ్లిన రెండో ఏడు, ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఆయన నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "టీచరమ్మా, బడికి ఇంకా టైమున్నది గద. గోదారి దాంక వస్తవా?"

వాగు నోటి దగ్గర ఆయన మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి అడిగాడు. "గీత యాడున్నది?"

"ఏ గీత తాతా?"

"వాగు నీళ్లు తేటగుంటయి. గోదారి ఇంకా ఎర్రగుంటది. రెండు కలిసేకాడ గీత పడ్తది. గదే. వాగు తగ్గేకొద్ది గీత గట్టుకు దగ్గరికొస్తది."

గీత ఆయనకు పది గజాల దూరంలో, చీర అంచులా స్పష్టంగా ఉంది. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన చూపు గీత మీద లేదు, దేని మీదా లేదు.

"తాతా, కనపడ్తలేదా?"

 "పొర కమ్మింది బిడ్డా, రెండు కండ్లకు. వీరన్నకు ఎర్కయితే నన్ను ఇంట్ల కూసోబెడ్తడు."

వీరన్న ఆయన అన్న కొడుకు, మంచి పనివాడు. తాత తర్వాత వల కట్టే రోజు చెప్పేది అతనే అని ఊరంతటికీ తెలుసు. దవాఖానాకు పొమ్మని లచ్చవ్వ పోరుతున్నా, కళ్లలో కత్తి పెడతారని ఈయన భయం. చూపు లేదని తెలిసిన రోజే తన పని పోతుందని అంతకంటే పెద్ద భయం. ఆ రోజు నుంచి నేను రోజూ ఉదయం వెంట వెళ్లాను.

మొదట్లో నేను చెప్పినవి ఆయనకు ఎందుకూ పనికిరాలేదు. "నీళ్లు ప్రశాంతంగా, చూడ్డానికి ఎంతో బాగున్నాయి తాతా" అన్నానొకసారి.

"గదేంది? ఏం కనపడ్డదని అడిగిన. నీకెట్లున్నదని అడిగిన్నా?"

అప్పటికి నేను చాలా పుస్తకాలు చదివి ఉన్నాను. ఒక్క వాక్యాన్ని అంత సూటిగా ఎవరూ దిద్దలేదు. తర్వాత నేర్చుకున్నాను. గీత ఎన్ని గజాల దూరం, కొంగలు ఎన్ని, ఏ గట్టున, నీటిపై చినుకులు పడ్డట్టు కదలిక ఉందా, ఉంటే ఎక్కడ. మిగిలినది ఆయన కాళ్లు చూసుకునేవి. అడవి నీడలో వచ్చిన వాగు నీళ్లు చల్లగా, గోదావరి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. పిక్కలకు ఎంతవరకు చలి తగులుతుందో ఆయన నిలబడి లెక్క కట్టేవాడు.

అలా రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఏడు గీత దగ్గరికి వస్తూ, మళ్లీ దూరం పోతూ ఆరు రోజులు ఊరిని కూర్చోబెట్టింది. "కాకా, దసరా పండుగ చేసుకోని కడదామా?" అని వీరన్న అరుగు మీద నుంచి అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు కానీ అన్నం సరిగా తినలేదు.

మర్నాడు గీత గట్టుకు బాగా దగ్గరగా ఉంది. గట్టున కొంగలు బారుగా నిలబడ్డాయి. చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. గోదావరి అంచున సన్నటి నురగ, అందులో ఎండు పుల్లలూ ఆకులూ తేలుతున్నాయి. అదీ చూశాను. చెప్తే ఆయన రేపంటాడు, వీరన్న మళ్లీ నవ్వుతాడు. పుల్లలే కదా అనుకున్నాను.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు తాతా."

ఆ పొద్దుటే వలలు కట్టారు. మధ్యాహ్నానికి ఎగువ వానల నీళ్లు వచ్చి గోదావరి వాగులోకి ఎగదన్నింది. ఒక ఎండు చెట్టు వేర్లతో సహా కొట్టుకొచ్చి వలకు అడ్డంపడింది. ఏరు పెరుగుతున్నప్పుడే గట్టు మీది ఎండు చెత్త నీళ్లలోకి లేస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

బడి వదిలి వెళ్లేసరికి చిరిగిన వలలు గట్టున పరిచి అందరూ నిలబడి ఉన్నారు. "కాకా, గిదేంది? ఎన్నడన్న గిట్లయిందా?" అంటున్నాడు వీరన్న.

"తప్పు నాదే. నీళ్లు చూసుట్ల పొరపాటయింది" అన్నాడు తాత. "రేపటి సంది నువ్వే చూడు వీరన్నా."

నా పేరు ఎత్తలేదు. ఎత్తితే తన చూపు సంగతి బయటపడుతుందని కాదు, ఆ పని ఎలాగూ వదులుకున్నాడు. నేను ముందుకు వెళ్లి చెప్పాను. "తాతకు కనపడదు. చూసేది నేను. నురగ చూసిన, పుల్లలు చూసిన. చెప్పలేదు."

 వీరన్న వలలోంచి ఒక వేరు ముక్క లాగుతూ అన్నాడు. "కాకాకు కనపడదని మాకెర్కనే టీచరమ్మా. పడవ అంచు తడుముకోని ఎక్కబట్టి మూడేండ్లాయె."

తాత అటు తిరిగాడు. "ఎర్కుంటే చెప్పొద్దారా?"

"నువ్వు దాస్తుంటివి. మేమెట్ల చెప్తం?"

వల అవతల నుంచి వీరన్న భార్య అందుకుంది. "పోయినేడు నన్ను మా అత్తనుకోని పావుగంట ముచ్చట పెట్టిండు. నేను గూడ మా అత్త లెక్కనే జవాబిచ్చిన." ముందుగా నవ్వింది పక్కనే ఉన్న ఆ అత్తే. తర్వాత అందరూ.

"నిన్ను పిల్సేది కండ్ల కోసం కాదు కాకా, కాళ్ల కోసం" అన్నాడు వీరన్న. "నువ్వు ఇంట్ల కూసుంటే ఎట్ల? రేపట్నుంచి జల్దీ రా. వలలు కుట్టేది మేం చూసుకుంటం."

ఇంటికి నడుస్తుంటే తాత అడిగాడు. "ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే రేపంటవని."

"అవ్, అందును" అన్నాడు. అంతే. ఆ మాటలో కోపం లేదు. నేను ఆ తర్వాత దాని గురించి చాలా ఆలోచించాను, ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఐదు రోజులు వలలు కుట్టారు. సూది పట్టడం నేనూ నేర్చుకున్నాను. నా ముడులను వీరన్న భార్య విప్పి మళ్లీ వేసేది. ఆరో రోజు పొద్దున నేను గీతతో మొదలుపెట్టి కొంగలు, ఆకులు, నీళ్లలో తేలే చెప్పు దాకా చెప్పుకుంటూ పోయాను. "చాలు బిడ్డా, నన్ను గూడ కొంచెం చూడనీ" అని తాత నవ్వి, నా చెయ్యి పట్టి నీళ్లలోకి దించాడు. పిక్కలకు చల్లగా, ఒకదాని వెంట ఒకటి, వందల పరకలు తగులుతూ పోతున్నాయి. నీళ్లపై ఏమీ కనిపించలేదు. "కడదాం" అని గట్టు వైపు కేకేశాడు. ఆ ఏడు మిగిలిన రోజులు తక్కువే. అయినా అందరి ఇళ్లలో చేపలు ఎండాయి.

ఆ చలికాలమే ఊరివాళ్లు ఆయన్ను దవాఖానాకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పాక నన్ను చూసి, "గొంతును బట్టి ఇంకా పొడుగుంటవనుకున్న" అన్నాడు. తర్వాత చాలా ఏళ్లు ఆయనే చూశాడు, ఆయనే చెప్పాడు. వీరన్న పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

నేను బదిలీ మీద ఖమ్మం వచ్చేశాను. చివరికి తాతను ఇక్కడి ఆసుపత్రిలోనే చేర్చారు. లచ్చవ్వ మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది. మూడు రోజులూ నేను దగ్గరున్నాను. తర్వాత ఆ ఊరు వెళితే, వచ్చినవాళ్లంతా తాత హాయిగా కన్నుమూశాడని ఆమెకు చెబుతున్నారు. వాళ్లు వెళ్లాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పు బిడ్డా. కష్టపడ్డడా?"

"పడ్డడు అవ్వా. రెండు రోజులు నొప్పికి నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున తగ్గింది. సగం గ్లాసు పాలు తాగిండు. నర్సు చల్లటి చేతులతో పట్టుకుంటే తిట్టిండు. తర్వాత నిద్రపోయిండు. నిద్రలోనే పోయిండు."

అవ్వ కళ్లు తుడుచుకుంది.

"తిట్టిండా?"

"తిట్టిండు."

"ఏమని?"

అదీ చెప్పాను. అవ్వ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.