మిరపకాయల గోనెతో వేటసంచి

ఆ రోజుల్లో మనిషి తనకేదైనా కావలసివస్తే ముందు తన చేతుల వంక చూసుకునేవాడు, తర్వాతే దుకాణం వంక. ఇప్పుడు ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటి గుమ్మంలో రోజుకి రెండు అట్టపెట్టెలు వచ్చి పడుతుంటాయి. వాటిలో ఏముందో తెప్పించుకున్నవాళ్లకే గుర్తుండదు. అందుకే సాయంత్రం పార్కులో నడకకొచ్చే నా ఈడువాళ్లు పాత కబుర్లు మొదలుపెట్టగానే నేను గొంతు సవరించుకుంటాను. కాన్సాస్ రాష్ట్రం మొత్తం మీద తన వేటసంచి తానే కుట్టుకుని, వెళ్లిన మొదటి పూటే పదకొండు పక్షుల్ని అందులో మోసుకొచ్చిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అని చెబుతాను. చాలా ఏళ్లుగా చెబుతున్నాను. మొదట్లో పక్షులు నాలుగే ఉండేవి. (వినేవాళ్లు మర్యాదస్థులైతే పక్షులు వాటంతటవే పెరుగుతాయి; అందులో నా తప్పేమీ లేదు.) ఇవాళ కాగితం మీద పెడుతున్నాను కనుక కొన్ని తగ్గించుకోక తప్పదు. ఎన్ని తగ్గించాలో చివరికి మీకే తెలుస్తుంది.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కాన్సాస్‌లో, పేరు చెప్పినా ఎవరికీ తెలియని చిన్న ఊళ్లో, పశువుల దాణా మిల్లులో ఉద్యోగం. వచ్చిన ప్రతి లారీలోంచి దోసెడు గింజలు తీసి, తేమ ఎంతుందో చూసి చీటీ మీద రాయడం నా పని. ఊరంతటికీ తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ మా ఆవిడా. ఆమెకి అయిదో నెల. వీసా గడువు ఫిబ్రవరితో సరి. గ్రీన్‌కార్డు అర్జీ కదలాలంటే ఈ పనికి నేను తప్ప ఇంకొకరు దొరకరని మా ల్యాబ్ పెద్ద ఒక ఉత్తరం మీద సంతకం పెట్టాలి. ఆయన పేరు పలకడం కష్టమని మా ఆవిడ ఆయన్ని మీసాలాయన అనేది. ఇంట్లో నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ వేసవిలోనే ఆయన భార్య పోయింది. పిల్లల్లేరు. ఆమె పెంచిన నల్లటి ముసలి కుక్క ఒకటి మాత్రం ఆయన వెంట మిల్లుకొచ్చి బల్ల కింద పడుకునేది. నా ఉత్తరం ఆరు వారాలుగా ఆ బల్ల మీదే ఉంది. దాని మీద విప్పని కవర్ల గుట్ట, గుట్ట మీద కాఫీ కప్పు. రోజుకొక సాకుతో ఆ గదిలోకి వెళ్లి, గుట్ట కింద నా ఉత్తరం అంచు కనిపిస్తోందో లేదో చూసుకుని వచ్చేవాణ్ణి. (ఆ విప్పని కవర్లు పరామర్శ కార్డులని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. ఒకరి దుఃఖం గురించి ఆలోచించే తీరిక నాకప్పుడు లేదు; ఉత్తరం మీద కాఫీ ఒలుకుతుందేమోనన్నదే నా దిగులంతా.)

ఇంటికి రాగానే మా ఆవిడ ఒకటే ప్రశ్న. "అయిందా?"

"ఇంకా లేదు."

"అడగొచ్చు కదండీ."

"అడిగితే చులకనైపోతాం."

"అడక్కపోతే ఫిబ్రవరిలో పెట్టె సర్దుకుంటాం" అనేసి ఆవిడ కూర కలుపుకునేది. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో భోజనాలు అలాగే జరిగాయి.

నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం మీసాలాయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మీ దేశంలో వేటాడేవాణ్ణని చెప్పావు కదూ?" అన్నాడు. (ఇంగ్లీషులోనే అన్నాడు, నాకు తెలుగులో జ్ఞాపకం.) నిజమే, చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, భోజనాల దగ్గర పలకరించే నాథుడు లేక, మా తాత పేరుమోసిన వేటగాడనీ, నేను ఆయన శిష్యుణ్ణనీ కోసిన కోత అది. మా తాత పోస్టుమాస్టరు. నా వేట చరిత్రంతా ఒక ఉండేలు, దానితో పగలగొట్టిన పక్కింటివాళ్ల పెంకులు.

"అవును సర్" అన్నాను.

"రేపు ఫెజెంట్ల సీజన్ మొదటి రోజు. నాతో వస్తావా?" (ఫెజెంటంటే పొడుగు తోక అడవికోడి.)

"వస్తాను సర్."

"లైసెన్సు లేదు కనుక నీకు తుపాకీ ఇవ్వను. పక్షుల్ని మోసే మనిషి కావాలి."

"మోస్తాను సర్."

"సంచి ఒక్కటే ఉంది. అది మా ఆవిడది. మేకు మీంచి తీయబుద్ధి కావడం లేదు. కొట్లో ఒకటి కొంటాను."

"కొనొద్దు సర్, నేను కుట్టి తెస్తాను. మా ఇళ్లల్లో అందరం కుట్టుకున్నవే వాడతాం."

ఈ మాట నా నోటివెంట ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఇది వేట కాదనీ, సంతకానికి ముందు నాకు పెడుతున్న పరీక్ష అనీ నాకు గట్టిగా తోచింది. కొన్న సంచి పట్టుకుని వెళ్లేవాడు ఎవడైనా కావచ్చు. కుట్టి తెచ్చినవాడికి బదులు ఇంకొకడు దొరుకుతాడా?

మా ఇంట్లో గట్టి గుడ్డంటే ఒక్కటే. ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు పోసి మా అత్తగారు సూట్‌కేసులో పెట్టి పంపిన గోనె. మిరపకాయలు అయిపోయాయి, గోనె ఘాటు పోలేదు. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ముట్టుకుంటేనే చెయ్యి మండుతోంది. ముందు ఉతికి తీసుకురండి."

మెట్ల మీదికి వెళ్లాను. బయట ఎముకలు కొరికే చలి. గోనెను రెయిలింగుకేసి నాలుగు బాదులు బాది వెనక్కి వచ్చాను. "ఉతికాను" అన్నాను.

"తడి లేదేం?"

"కాన్సాస్ గాలి. ఇట్టే ఆరిపోయింది."

(పెళ్లయి రెండేళ్లే అయింది. నా మాటలు కొన్ని ఆవిడ ఇంకా నమ్మేది.)

ఇక కుట్టడం. దబ్బనం పట్టుకుని నేను మూడు కుట్లు వేసిన మాట వాస్తవం. నాలుగోది నా బొటనవేలి లోంచి వెళ్లింది. మిరపగోనె మీద తెగిన వేలు ఎలా ఉంటుందో వర్ణించను. పై వాటావాళ్లు కిందికి దిగి వచ్చారని మాత్రం చెబుతాను. ఆ తర్వాత గోనె, దబ్బనం ఆవిడ చేతుల్లోకి వెళ్లాయి. నేను కత్తెర అందించాను, సలహాలిచ్చాను. పక్షుల రక్తం కారకుండా లోపల పాత షవర్ కర్టెన్ ముక్క వేసింది. గాలి ఆడటానికి పక్కల చీలికలు పెట్టింది. భుజానికి తగిలించుకోవడానికి, సూట్‌కేసు చుట్టూ కట్టి తెచ్చిన నవారు కుట్టింది. మూతకి తన కోటు గుండీ ఒకటి ఊడదీసి పెట్టింది. అంతా అయ్యాక నడుం పట్టుకుని లేస్తూ, "పుట్టబోయే బిడ్డకి ఒక చొక్కా అయినా కుట్టలేదు, చచ్చిన పక్షులకి పరుపు కుట్టాను" అంది. నవ్వుతూ అనలేదు.

మర్నాడు పొద్దున ఆకాశం పలకలా ఉంది. కోత కోసిన జొన్నచేలు. మావైపూ జొన్నే పండుతుంది గాని, ఇక్కడి చేనుకి అవతలి గట్టంటూ కనిపించదు. మీసాలాయన సంచి చేతిలోకి తీసుకుని, కుట్లు గోటితో లాగి చూశాడు.

"గట్టి పని. నువ్వే కుట్టావా?"

"నేనే సర్."

వాళ్లకి ఒక అలవాటుందట. చేలోకి దిగేముందు ఆయన భార్య తన సంచిని కుక్క ముందు తెరిచి పట్టుకునేది; అది అందులో తల పెట్టి ఆవిడ వాసన పీల్చుకుని గాని పనిలోకి దిగేది కాదు. ఆయన నా సంచిని అలాగే తెరిచి పట్టుకున్నాడు. ఆ ముసలిది ఎన్నాళ్లగానో పోయినదేదో దొరికినట్టు మెడ వరకు దూర్చేసింది. గట్టిగా పీల్చింది.

మొదటి తుమ్ముకి అది వెనక్కి కూలబడింది. పదిహేడో తుమ్ము తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. ముట్టె నేలకేసి రాసుకుంటుంది, లేస్తుంది, తుమ్ముతుంది, నావైపు చూస్తుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తన నీళ్లసీసాతో దాని కళ్లూ ముక్కూ కడిగాడు.

"ఇందులో ఇంతకుముందు ఏముండేది?" అన్నాడు తలెత్తకుండా.

"మిరపకాయలు సర్."

"ఎలాంటి మిరపకాయలు?"

"గుంటూరువి సర్" అన్నాను, అదొక క్షమాపణ అయినట్టు.

ఆయన లేచి చేలోకి దిగాడు. నాలుగు గంటలు నడిచాం. ముక్కు పోయిన కుక్క ముందు, మాట పోయిన మనిషి వెనక, సంచితో నేను. పక్షులు మేం దాటిపోయాక మా వెనకనుంచి లేచి ఎగిరిపోతున్నాయి. కుక్క వాటి పక్కనుంచే తల దించుకుని నడిచి వెళ్లిపోతోంది. ఆయన తుపాకీ ఎత్తను కూడా ఎత్తడం లేదు. ఒకటి రెండుసార్లు ఆగి, చేను నడుమ అలా నిలబడిపోయేవాడు. నేనూ నిలబడి, ఏ పెట్టెలో ఏవి సర్దాలో ఆలోచించుకునేవాణ్ణి. గిన్నెలు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ప్రెషర్ కుక్కర్ మాత్రం తీసుకెళ్లాలి.

మధ్యాహ్నం కావస్తుండగా ఆయన కాళ్ల దగ్గరే ఒక పుంజు భగ్గున లేచింది. ఎర్రటి మొహం, మూరెడు తోక. ఒకే దెబ్బ. దూరంగా గడ్డిలో పడింది. కుక్క అటు వెళ్లి, అటూ ఇటూ తిరిగి, ఊరికే వచ్చేసింది. నేనే మోకాళ్ల మీద పాకి వెతికి పట్టుకున్నాను. కళ్లు మూసుకుని ఉంది. వెచ్చగా ఉంది. నా అరచేతి కింద దాని గుండె, మా ఆవిడ నా చెయ్యి తన పొట్టమీద పెట్టుకున్నప్పుడు తెలిసినట్టు, తడుతోంది.

"మెడ తిప్పెయ్యి" అని అరిచాడాయన అక్కణ్ణుంచే.

నేను దాన్ని సంచిలో పెట్టి గుండీ పెట్టాను.

"తిప్పావా?"

"తిప్పాను సర్."

పికప్ ట్రక్కులో సంచి నా ఒళ్లో, కుక్క మా ఇద్దరి మధ్య. రెండు మైళ్లు వచ్చాక సంచి కదిలింది. చేత్తో నొక్కి పట్టాను.

"ఏమిటది?"

"గాలి సర్."

"అద్దాలు మూసే ఉన్నాయి" అన్నాడాయన. అంతలో సంచి ఒక మూల, సరిగ్గా నా మూడు కుట్లు ఉన్నచోట, పటుక్కున విచ్చుకుంది. పుంజు బయటికొచ్చింది. ఒక మూసిన ట్రక్కులో బతికిన పుంజు ఎంత చోటు ఆక్రమిస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. రెక్కల చప్పుడులో గోనెలోని ఏడాది కారమంతా లేచింది. ఆయన ఎలాగో బండిని రోడ్డు పక్కకి దింపి తలుపు తోశాడు. పుంజు దొర్లుతూ కిందపడి, లేచి, దులుపుకుని, మావైపొకసారి చూసి పరుగెత్తింది. కొంతదూరం పోయాక ఎగిరింది కూడా. గుండు తగిలింది తోక ఈకలకే, పడిన అదురుకి స్పృహ తప్పి ఉంటుంది. దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు నులుముకుంటూ మేం ముగ్గురం దాన్ని చూశాం.

"మెడ తిప్పలేదు, అంతేనా?" అన్నాడు.

"లేదు సర్."

"సంచి ఉతకలేదు."

"లేదు సర్."

"కుట్టింది?"

"మూడు కుట్లు నావి. మిగతావి మా ఆవిడవి సర్."

"మీ తాత?"

"పోస్టుమాస్టరు సర్."

ఆయన మీసాలు వణికాయి. స్టీరింగు మీద తల ఆన్చి నవ్వడం మొదలుపెట్టాడు. బండి ఊగేలా నవ్వాడు. నేనూ మర్యాదకి కాస్త నవ్వాను. ఇద్దరికీ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అయితే మిరపఘాటుకి వచ్చే నీళ్లు ఎంతసేపుంటాయో మా జిల్లావాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మహా అయితే పది నిమిషాలు. నావి ఆరిపోయాయి. ఆయన ఇంకా తల ఎత్తలేదు. భుజాలు కదులుతూనే ఉన్నాయి, నవ్వు చప్పుడు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. కుక్క ఆయన మోకాలి మీద గడ్డం ఆన్చి కూర్చుంది. నేను అద్దంలోంచి జొన్నచేను చూస్తూ కూర్చున్నాను. ఏమనాలో నాకు తెలియలేదు. ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ తెలియలేదు.

సోమవారం ఉదయం సంతకం పెట్టిన ఉత్తరం నా బల్ల మీద ఉంది, మూలన గుండ్రటి కాఫీ మరకతో సహా. అర్జీ కదిలింది, గడువు పెరిగింది, వసంతంలో మా అమ్మాయి అక్కడే పుట్టింది. పదకొండు పక్షులన్నది అబద్ధం, నాలుగన్నదీ అబద్ధమే, ఇంటికి తెచ్చినది ఒక్కటీ లేదు. కాని ఉతకని గోనె, తిప్పని మెడ, మూడు కుట్లు, ఇవే ఒక పెద్దమనిషిని మెత్తబరిచి మాకు ఈ దేశంలో చోటు సంపాదించిపెట్టాయని నలభై ఏళ్లుగా నాకొక గర్వం. ఆ ఇరవై తొమ్మిదేళ్ల కోతలరాయుణ్ణి ఇప్పుడు తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది, వీపు తట్టాలనీ ఉంటుంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. ఒకటి రెండుచోట్ల నవ్వింది. చివరి కాగితం అయ్యాక అన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సంతకం శుక్రవారమే పెట్టాడండీ ఆయన."

"నీకెలా తెలుసు?"

"ఆ సాయంత్రం మీరు పురికొస కోసం కొట్టుకెళ్లినప్పుడు ఫోన్ చేశాడు. 'మీ ఆయన ఉత్తరం మీద మధ్యాహ్నమే సంతకం పెట్టేశాను, ఇప్పుడు నేనడిగేదానికీ దానికీ ముడిపెట్టకు' అన్నాడు ముందు. తర్వాత, 'రేపు రాలేనంటాడేమో, ఎలాగైనా పంపించు. తుపాకీ పట్టుకుని ఒక్కణ్ణే ఆ చేలోకి వెళితే ప్రాణాలతో తిరిగొస్తానని నా మీద నాకే నమ్మకం లేదు' అన్నాడు."

"నీకప్పుడు ఇంగ్లీషు అంతంతమాత్రమే కదా" అన్నాను.

"ఆ మాట తెలియడానికి ఎంత ఇంగ్లీషు కావాలి?"

"మరి ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. మిమ్మల్ని పంపాలంటే నాకూ భయమేసింది. ఆ గొంతు విన్నాక పంపకుండా ఉండలేకపోయాను" అంటూ కాగితాలు నా చేతిలో పెట్టి లేచింది. "ఆ రోజే మీతో చెప్పి ఉంటే జ్వరమొచ్చిందని దుప్పటి కప్పుకుని పడుకునేవారు. అందుకని నోరు మూసుకుని సంచి కుట్టాను."